కృష్ణకుమారి గారి దాహం

పిల్లల సంరక్షణ విభాగంలో పనిచేసే కృష్ణకుమారి గారిది తీరని దాహం. ఏ ఊరికి విచారణకు వెళ్లినా, చూడాల్సిన ఇంటికి తిన్నగా వెళ్లిన పాపాన పోలేదు. వీధి మొదట్లో ఆటో దిగి, "అమ్మా, కాసిని మంచినీళ్లు" అని మొదలుపెట్టి, ఆ వరసలో ప్రతి గుమ్మం దగ్గరా ఓ గ్లాసు ఖాళీ చేస్తేగాని అడుగు ముందుకు వేసేవారు కాదు. గురజాల నుంచి నడికుడి దాకా ఆమె పేరు మంచినీళ్ల మేడం. ఆమెను చూస్తే పంచాయతీ ట్యాంకరు కూడా పక్క సందులోకి తిరుగుతుందని ఆఫీసులో చెప్పుకునేవారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన యాస్మిన్‌కు ఈ దాహం చూస్తే ఒళ్లు మండేది.

"షుగరేమో మేడం, ఒకసారి పరీక్ష చేయించుకోండి" అంది ఓ రోజు ఉండబట్టలేక.

"చేయించానమ్మాయ్. ఆ డాక్టరు దగ్గర కూడా రెండు గ్లాసులు తాగొచ్చా."

నడికుడి వెళ్లిన రోజు యాస్మిన్ ఓపిక పూర్తిగా నశించింది. బడి మాన్పించి తనకు పెళ్లి చేస్తున్నారని లిఖిత అనే పదో తరగతి పిల్ల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. చెప్పింది తనేనని తెలిస్తే నాన్న చంపేస్తాడని ఏడ్చింది కూడా. ఇక్కడ ఈవిడేమో గుల్షన్ అనే ముసలమ్మ అరుగు మీద కూర్చుని, మిరపకాయల ధర మాట్లాడుకుంటూ నీళ్లు తాగుతున్నారు!

"మేడం, ఆ ఇల్లు..."

"ఉండమ్మాయ్, గొంతెండిపోతంది."

ప్రతి ఇంట్లోనూ అదే పాట. పిల్లలు బడికెళ్తున్నారా, పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే కేసవుద్ది సుమా అని. ఈవిడ ఇంకెన్ని నీళ్లు తాగుతుందో చూద్దామని జనం నవ్వుకుంటూ వెంటపడ్డారు.

లిఖిత తండ్రి హనుమయ్య కర్ర పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇల్లెవరు చెప్పారు మీకు? మా పిల్లేనా ఫోన్ చేసింది?"

తలుపు చాటున లిఖిత మొహం పాలిపోయింది. యాస్మిన్ రెండడుగులు వెనక్కి వేసింది. కృష్ణకుమారి గారు మాత్రం వాకిట్లోనే ఆగారు.

"ఫోనేంది తమ్ముడూ? నేను మంచినీళ్లకొచ్చా."

"మీ ఇల్లొక్కటేనా హనుమయ్యా? ఈ వరసంతా తాగుకుంటా వచ్చింది" అంది జనంతో పాటు వెనకే వచ్చిన గుల్షన్. "మా కుండ ఖాళీ. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే కేసని నాకూ చెప్పింది. నాకసలు మనవరాళ్లే లేరన్నా ఇనలా!"

జనం గొల్లుమన్నారు. హనుమయ్య అందరి మొహాలూ చూసి, కర్ర గోడకు ఆనించాడు.

"అయితే పద్దెనిమిది నిండాల్సిందేనా అక్కా?"

"నిండాల్సిందే. అందాకా బడికి పంపు. మళ్లీ వచ్చి కనుక్కుంటా."

"పంపుతాలే" అన్నాడు నలుగురి ముందూ. "ఏమే లిఖితా, మేడంకి మంచినీళ్లు తీసుకురా."

గ్లాసు అందిస్తూ లిఖిత ఆమె వేళ్లు గట్టిగా పట్టుకుని వదిలింది. అప్పుడు అర్థమైంది యాస్మిన్‌కు. ఒక్క ఇంటికే వెళ్తే ఆ ఇంటి పిల్ల మీద అనుమానం పడుతుంది. అన్ని ఇళ్లకూ వెళ్తే ఎవరి మీదా పడదు. పైగా, గొడవైతే అడ్డం రావడానికి వీధి వీధంతా పక్కనే ఉంటుంది. ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఆటో ఎక్కాక మెల్లగా అడిగింది. "మీకసలు దాహమే వెయ్యదు కదా మేడం?"

"ఆ సంగతి తర్వాతమ్మాయ్." కృష్ణకుమారి గారు ఆటో అతని భుజం తట్టారు. "అబ్బాయ్, రైల్వే స్టేషన్‌లో బాత్రూం ఉంటది, అక్కడికి పోనీ. తొందరగా... గుంతలు చూసుకుని!"