పియానోకు పూసిన గంధం

మంగళవారం ఉదయం షిఫ్టులో లేత్ ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మా పియానో టీచరమ్మ చెల్లెలు. "అక్క పోయిందప్పా. నిద్దర్లోనే. నువ్వు రావల్ల," అంది. మిషన్ ఆపేశాను. ఎవరు పోయారని సూపర్‌వైజర్ అడిగితే చుట్టమని చెప్పాను. లేత్ పనివాడికి పియానో టీచరేమిటో అతనికి విడమరిచి చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు.

మీకు మాత్రం చెప్పాలి. హోసూరులో ఆమె ఇంటి ముందునుంచి రోజూ వెళ్ళేవాళ్ళకు కూడా ఆమె ఎవరో తెలియదు. కృష్ణగిరిలో ఒక క్రైస్తవ మిషనరీ బడి తోటమాలి కూతురు. బడి వదిలాక హాల్లో పియానో వాయించే టీచరు పక్కన ఊరికే నిలబడి నిలబడి, చివరికి ఆ స్టూలు మీదే కూర్చుంది. బెంగళూరులో చదివింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చెన్నైలో, ముంబైలో, రెండుసార్లు జర్మనీలో కూడా పెద్ద హాళ్ళలో వాయించింది. వాళ్ళమ్మ మాత్రం కూతురు పెళ్ళిళ్ళలో వాయిస్తుందనే చివరిదాకా అనుకుందట. "నేనూ దిద్దలేదప్పా. పెండ్లంటే అమ్మకు సంతోషం," అని టీచరమ్మ నవ్వేది.

నలభై దాటాక ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకోవడం మొదలైంది. మందులు పనిచేయలేదు. కచేరీలు మానేసి, ఉన్న ఒక్క పియానోతో హోసూరు చేరి పిల్లలకు నేర్పుతూ ఉండిపోయింది.

నేను మొదటిసారి వెళ్ళింది ఆమె పియానో స్టూలు బాగుచేయడానికి. ఎత్తు పెంచే స్క్రూ అరిగిపోతే లేత్ మీద కొత్తది చేసి తీసుకెళ్ళాను. సరిపోయిందో లేదో చూడడానికి ఆమె కూర్చుని కాసేపు వాయించింది. నేను స్పానర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. హోసూరు దగ్గర అత్తిముగం పల్లెలో గొర్రెలు కాసే ఇంట పుట్టినవాణ్ణి. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు.

"నేర్చుకుంటావా?" అంది.

"ఈ చేతులతోనా మేడమ్?"

"చెయ్యి మొద్దయితే పర్వాలేదప్పా. చెవి మొద్దయితేనే కష్టం."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. ఫ్యాక్టరీలో నన్ను చూసి నవ్వనివాడు లేడు. వెళ్ళగానే ఆమె మొదట నా గోళ్ళు చూసేది. నూనె మరక కనిపిస్తే పెరటి కొళాయి వైపు చూపించేది. వాయిస్తూ తప్పు చేసి ఆగిపోతే మాత్రం కోపం వచ్చేది. "తప్పు పోయింది కదా, దాని ఎనకాల నువ్వెందుకు పోతావు? ముందుకు రాప్పా!"

ఆరేళ్ళ కిందట బెంగళూరు నుంచి ఆమెకు పిలుపొచ్చింది, కచేరీ చేయమని. స్టేజీ దిగిన పదిహేనేళ్ళకు. అన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా ఆ రెండు వేళ్ళకూ పసిపిల్లలకు నేర్పినట్టు మళ్ళీ మొదటినుంచి నేర్పుకుంటూ వచ్చింది. "ఒక్కసారి చాలప్పా. ఆగకుండా కడాదాకా వాయించి దిగి రావల్ల," అంది. ఆమె తనకోసం ఏదైనా కోరుకోవడం నేను విన్నది అప్పుడే.

కచేరీకి రెండు వారాల ముందు ఆయుధపూజ వచ్చింది. మొక్కలకు నీళ్ళు పోయమని ఇంటి తాళం నాకిచ్చి ఆమె కృష్ణగిరిలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఫ్యాక్టరీలో ఆ రోజు మేము స్పానర్లతో సహా అన్నీ కడిగి బొట్టు పెడతాం. ఆమెకు అన్నం పెట్టే పియానోకు బొట్టు లేకపోవడం ఏమిటనిపించింది. బాగా పరుచుకోవాలని గంధం పలచగా కలిపాను. నల్లవీ తెల్లవీ ఎనభై ఎనిమిది మెట్లకూ పూసి, కుంకుమ పెట్టాను. ఎక్కువైన గంధం సందుల్లోకి కారింది. అటూ ఇటూ అరటి పిలకలు కూడా కట్టాను.

సాయంత్రం ఆమె వచ్చి చాలాసేపు చూసింది. చీర కొంగుతో ఒక మెట్టు తుడిచింది. నేను గిన్నె చేత్తో పట్టుకుని మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నాను.

"బాగా చేసినావప్పా," అంది. "రెండు వారాలు రావద్దు. నేను సాధన చేసుకోవల్ల."

గర్వంగా ఇంటికి పోయాను.

ఆ కచేరీ జరగలేదు. "వేళ్ళు మాట వినలేదప్పా," అని ఆమె చెప్పింది, నేను నమ్మాను. మళ్ళీ ఎవరూ పిలవలేదు. మరుసటి ఏడాది ఆయుధపూజకు తనే చెప్పింది, చెక్క మీద ఒక్క బొట్టు చాలు, పొడి కుంకుమతో పెట్టమని. అలాగే పెట్టాను. ఎందుకని అడగలేదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. రెండు చేతుల బొటనవేళ్ళూ కలిపి గుడ్డపీలికతో కట్టారు. ఆ చేతులను అలా చూడలేకపోయాను. గంధం కలపమని చెల్లెలు గిన్నె ఇచ్చింది. నీళ్ళు పోశాను.

"నీళ్ళు తక్కువ పొయ్యప్పా. ఆ పొద్దు మాదిరి కారిపోతాది."

"ఏ పొద్దమ్మా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక దాచలేక చెప్పింది. "మెట్లన్నీ ఉబ్బి అతుక్కొని పోయినాయి. బెంగళూరు నుంచి మనిషి వచ్చి ఒక్కొక్కటి ఊడదీసి బాగు చేసేతలికి కచేరీ దినం దాటిపాయ. కచేరీకి ఈ పియానోనే బెంగళూరు తీసుకపోవల్లని ఉండె. వేరే పియానో మీద సాధన చేసి చూసింది. ఆ వేళ్ళు ఇంకోదాని మీద నిలవలేదు. అన్నం తినే బల్ల మీద వాయించుకుంటా కూర్చునేది. కడాకు తనే ఫోన్ చేసి రానని చెప్పింది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు మళ్ళా పియానో ముట్టవని. నాతో ఒట్టు వేయించుకుంది."

పదిహేనేళ్ళు ఆమె ఎదురుచూసిన ఒక్క సాయంత్రాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను. భక్తితోనే చేశానని ఎంత చెప్పుకున్నా అది తిరిగి రాదు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. తప్పు వెనకాల పోవద్దని ఆమె చెప్పింది గానీ, ఈ తప్పును దాటి ముందుకు ఎలా రావాలో నాకు తెలియదు.

గిన్నెలో నీళ్ళు వంపేశాను. ఇంకా పొడి వేసి గట్టిగా కలిపాను. వంగి ఆమె నొసట పెట్టాను. ఈసారి ఒక్క చుక్క కూడా కారలేదు. పాడె లేపే వేళకు పెట్టిన చోటే తెల్లగా ఎండిపోయి ఉంది.