వేలు ముడిచి చూపండి

ఆ రోజుల్లో పిల్లలకు తోటపని నేర్పాలని ఎవరూ అనుకునేవారు కాదు. పిల్లలు కాళ్ళకు అడ్డం పడకుండా ఉంటే అదే పదివేలనుకునేవారు. నన్ను అలా వదిలించుకోవడానికే మా నాయనమ్మ ఓ ఆనప గింజ చేతిలో పెట్టి, "నూతి పక్కన పాతుకోవే. వినాయక చవితిలోగా కాయ నిలిచిందా, పాదు నీది. లేదంటే పీకి పారేసి దొండపాదు పెడతాను" అంది. అప్పుడు నేను మూడో తరగతి. ధవళేశ్వరంలో మా పెరడంతా నాయనమ్మ రాజ్యం. అందులో నాకు దక్కింది ఆ ఒక్క గుంట.

పాదు పందిరంతా అల్లుకుంది. కానీ వేసిన పిందె వేసినట్టే పసుపెక్కి రాలిపోయేది. "ఎవరో వేలు పెట్టి చూపించారే! లేత పిందెకి చూపుడువేలు చూపిస్తే కుళ్ళిపోదూ?" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. ఇక చూసుకోండి, బడి నుంచి రాగానే పందిరి కింద పీట వేసుకుని కాపలా మొదలెట్టాను. ఓ సాయంత్రం నాన్నగారి ఆఫీసు ఇంజనీరుగారు వచ్చి, "పాదు భలే అల్లుకుందండీ" అంటూ వేలు చాచారు. "వేలు ముడవండి!" అని అరిచాను. నాన్నగారి ముఖాన నెత్తురుచుక్క లేదు. ఇంజనీరుగారు మాత్రం వేలు కొక్కెంలా వంచి, "ఇలాగా అండీ?" అన్నారు. (జీవితంలో నన్ను 'అండీ' అన్న మొదటి మనిషి ఆయనే.)

అయినా పిందెలు రాలుతూనే ఉన్నాయి. చవితి దగ్గరపడింది. నాయనమ్మ దొండ తీగ తెచ్చి చెంబులో నీళ్ళు పోసి పెట్టింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మనుషుల వేళ్ళ మీద పెట్టిన కళ్ళు విసుగెత్తి పూల మీదకి మళ్ళాయి. ఆనప పూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. కొన్నిటి కింద బుల్లి పిందె ఉంటుంది, కొన్నిటికి ఉత్త కాడే. ఓ రెక్కల పురుగు ఉత్త పువ్వులో దూరి, పసుపు పొడి పూసుకుని, వెళ్ళి పిందె ఉన్న పువ్వు మీద వాలింది. ఆ పిందె తక్కినవాటిలా పసుపెక్కలేదు! ఇంకేముంది, పురుగు పని నేనే అందుకున్నాను. ఉత్త పువ్వు కోసి, పేరంటంలో బొట్టు పెట్టినట్టు పిందె ఉన్న ప్రతి పువ్వుకీ అద్దాను. ఎవరూ చెప్పలేదండీ, నా కళ్ళతో నేనే కనిపెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పొంగిపోతుంది.

చవితి నాటికి పందిరి నిండా కాయలు. నాయనమ్మ వీధిలోని అమ్మలక్కలందరినీ పెరట్లోకి లాక్కొచ్చి, "చూడండే, మా మనవరాలు కాయించింది!" అంటూ చూపుడువేలు బారుగా చాచి ఒక్కో కాయనీ చూపించింది.

"నాయనమ్మా, వేలు!" అన్నాను హడలిపోయి.

"ఊరుకోవే, నా వేలేం చేస్తుంది!" అంది. నిజంగానే ఏమీ చెయ్యలేదు.

మొన్న మేడ మీద మా మనవరాలి కాకరపాదుకి తొలి పిందె వచ్చింది. పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి ఎలా చేరుతుందో దానికి బోలెడు పాఠం చెప్పి, చివరికి పిందె చూపించబోతూ వేలు ముడిచాను.

"వేలు నొప్పా అమ్మమ్మా?" అంది.

"కాయ నిలవనీవే. అప్పుడు వీధంతా పిలిచి, చాచి చూపిస్తాను" అన్నాను.