కాలు కింద పెట్టకుండా చంద్రగిరికి

ఆ రోజుల్లో సైకిలు తొక్కడానికి నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు, కళ్ళకు నల్లద్దాలు అక్కర్లేదు. సైకిలుంటే చాలు, అదీ మనదే కానక్కర్లేదు. ఇప్పుడు ఆదివారం తెల్లవారితే మా వీధి చివర రోడ్డు మీద బిగుతు బట్టల కుర్రకారు, వాళ్ళకు పోటీగా నా ఈడు వాళ్ళు కూడా, గుంపులుగా చంద్రగిరి వైపు సాగిపోతుంటారు. హ్యాండిల్‌కు తగిలించిన ఫోను రోడ్డు ఎంత ఎత్తు లేచిందో, గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో కూడా చెబుతుందట. మిద్దె మీద బట్టలారేస్తూ వాళ్ళను చూసి నవ్వుకుంటాను. మా రోజుల్లో మిట్ట ఎంత ఎత్తో చెప్పే పని మా అత్తది. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు.

నేను చిత్తూరు పిల్లను. చిన్నప్పుడు నాయనతో బస్సులో తిరుపతికి వస్తుంటే పూతలపట్టు దాకా నిద్రపోయేదాన్ని. ఆ తర్వాత లేచి కిటికీకి అతుక్కుపోయేదాన్ని, ఎందుకంటే తిరుపతి చేరేలోపు చంద్రగిరి కొండ వస్తుంది. కొండ మీద బండల మధ్య పాకుతూ పోయే పాత కోటగోడ, దాని వెనక ఏముందో కనపడని ఆకాశం. "దిగి ఎక్కుదామా నాయనా?" అంటే, "ముందు స్వామి కొండ. తర్వాతే మిగతా కొండలు" అనేవాడు. తిరిగొచ్చేటప్పుడు అడిగితే, "అలిపిరి మెట్లెక్కిన కాళ్ళు మే ఇవి, ఇంగ యాడికి ఎక్కేది?" అనేవాడు. అలా ఆ కొండ నా చిన్నతనమంతా కిటికీలోంచి వెనక్కి పోతూనే ఉంది.

పెళ్ళిచూపుల్లో, ఏమన్నా అడగాలని ఉంటే అడగమన్నారు. నేను చంద్రగిరి కొండ ఎక్కినారా అని అడిగాను. మా నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెళ్ళికొడుకు మాత్రం కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "ఎక్కకుండానా! సైకిలేసుకోని పొయ్యి ఎన్ని తూర్లు ఎక్కినానో! పెండ్లయిన వారమే నిన్నూ తీసకపోతా" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను సరేనన్నాను. (మా నాయన ఉద్యోగం చూసి సరేనన్నాడు. ఇద్దరి లెక్కలూ వేరే అయినా పెళ్ళి ఒకటే అయింది.)

మా ఆయనది తిరుపతి, ఆయనకు సైకిలు పిచ్చి. చక్రం మీద చూడనిది చూసినట్టే కాదని ఆయన సిద్ధాంతం. మంగాపురం మీదుగా చంద్రగిరి ఒక దారి, వడమాలపేట మీదుగా నారాయణవనం ఒక దారి, ఏర్పేడు పక్కన గుడిమల్లం ఇంకో దారి. ఎక్కడ చింతచెట్టు నీడ ఉంటుందో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో, ఏ గుడి పూజారి మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటాడో, అన్నీ నోటికొచ్చు. ఆయన ప్రతి ప్రయాణంలోనూ తోడు పంక్చర్ బాయి. చిన్నప్పటి స్నేహితుడు. వాళ్ళ నాన్నకు సైకిళ్ళ షాపు, బాయికి ఒక ఆటో. నన్ను మొదటిసారి చూసినప్పుడే, "భాభీ, మీకు లేడీస్ సైకిలు నేనే రెడీ చేస్తా, గాలి బాధ్యత నాది" అన్నాడు.

వారం తిరిగింది. సైకిళ్ళు వాకిట్లోకొచ్చాయి. అత్త వాకిట్లోకొచ్చింది.

"యాడికిరా?"

"చంద్రగిరికి మా. కొండెక్కి కోట సూసొస్తాం."

"కొండా?" అంది అత్త, ఆయన ఏదో పాము పేరు చెప్పినట్టు. "పెండ్లయి ఆర్నెల్లు కాకుండా కొండెక్కేదుండాదా ఈ ఊర్లో? ఆ స్వామే పెండ్లి సేసుకోని వస్తా వస్తా మంగాపురంలో ఆర్నెల్లు ఆగినాడు. నువ్వు ఆయనకన్నా గొప్పోడివా?"

దీనికి జవాబు లేదు. తిరుపతిలో అసలే లేదు. నారాయణవనంలో పెళ్ళి చేసుకున్న స్వామి, కొత్త దంపతులు కొండెక్కకూడదని అగస్త్యుడు చెబితే, ఆర్నెల్లు మంగాపురంలోనే ఉన్నాడని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను. కొండ ఎక్కడికీ పోదని తెలుసు. అయినా అది మళ్ళీ కిటికీలోంచి వెనక్కి పోతున్నట్టే అనిపించింది.

మా ఆయన బేరం మొదలుపెట్టాడు. కొండెక్కం, కింద రాజమహల్ మాత్రం చూసొస్తామన్నాడు. దారిలో అంతా మిట్టలే కదా అని అత్త. మిట్ట కొండ కాదని ఈయన. మరి మిట్ట యాడ ఆగుతాది, కొండ యాడ మొదలవుతాది అని ఆమె. సైకిళ్ళు తెచ్చిన బాయి తన ఆటోకు ఆనుకుని న్యాయంగా రెండు పక్కలా తలూపుతున్నాడు. చివరికి అత్త తేల్చి చెప్పింది. "సైకిలు మీద కూసోని తొక్కగలిగితే అది మిట్ట. దిగి తోస్తే అది కొండే. యాడ కాలు కింద పెడితే ఆడి నుంచే ఇంటికి రావాల." ఆగి, ఇంకో మాట కూడా అంది. "నేనూ వస్తా. బాయీ, బండి తీ అప్పా."

అలా బయల్దేరాం. ముందు మా ఆయన, వెనక నేను, మా వెనక నడిచే మనిషి వేగంతో ఆటో, అందులో ఒళ్ళో టిఫిన్ కేరేజీతో మా అత్త. ఆటో పక్కనుంచి తల బయటికి పెట్టి ఆమె చూస్తున్నది రోడ్డును కాదు, కొండలను కాదు, నా చెప్పులను. (పద్మావతమ్మకూ వకుళమాత అత్తగారే. ఆమె ఇలా వెంటబడి వచ్చినట్టు ఏ పురాణంలోనూ లేదు.) మంగాపురం గుడి దాకా రోడ్డు మర్యాదగానే ఉంది. గుడికి దిగితే లెక్కలోకి రాదని అత్తే అంది. గుళ్ళో దండం పెట్టుకుని, స్వామి కూడా ఆర్నెల్లు ఓపిక పట్టాడు కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఆయనకేం, వెనక ఆటో లేదు.

గుడి దాటాక మిట్ట వచ్చింది. బస్సులో ఎన్నిసార్లు పోయినా అక్కడ మిట్ట ఉన్నట్టే నాకు తెలియదు. కొంచెం తొక్కేసరికి తొడలు బిగుసుకుపోయాయి, చున్నీ గొంతుకు చుట్టుకుంది, కొత్త పసుపుతాడు చెమటకు మెడను కొరికింది. దిగితే ఇంటికి. సైకిలు అటూ ఇటూ ఊగుతూ రోడ్డంతా వాడుకుంటోంది.

"దిగేట్టుండాదే" అంది వెనకనుంచి అత్త గొంతు.

"దిగదు మా! తొక్కు భాభీ, తొక్కు!" అని బాయి.

"నువ్వు నోరు మూసుకోని బండి తోలు."

నేను వెనక్కి తిరిగి నవ్వడానికి కూడా ప్రయత్నించాను, ఇదసలు మిట్టే కాదన్నట్టు. అంతలో ముందు టక్‌మని చప్పుడైంది. ఎన్ని తూర్లు ఎక్కినాడో లెక్కలేని మహానుభావుడు రోడ్డు పక్కన కాలు కింద పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయనను దాటి మిట్ట పైకి ఎలా చేరానో నాకే తెలియదు. పైన రోడ్డు చదునుగానే ఉంది, ఆగొచ్చు. కానీ ఆగితే కాలు పెట్టినట్టు అత్త లెక్కేస్తుందేమోనని గానుగెద్దులా అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాను. కింద న్యాయవిచారణ జరుగుతోంది.

"కాలు పెట్టినావు గదరా. పద ఇంటికి."

"సైను ఊడింది మా! సూడు, ఇదో!"

అత్త ఆటో దిగి, వంగి, నల్లగా వేలాడుతున్న చైనును వేలితో కదిలించి చూసింది. "సైను ఊడితే దిగొచ్చు. అది కొండ తప్పు కాదు" అంది. ఆ ఒక్క తీర్పుకు ఆమె మీద నాకున్న కోపం సగం పోయింది.

చంద్రగిరి కోటలోకి వెళ్ళేసరికి నా కాళ్ళు నావి కావు. రాజమహల్ ముందు నిలబడి మా ఆయన గైడు అవతారమెత్తాడు. తిరుమలలో స్వామికి నైవేద్యం కాగానే గంట కొట్టేవారట, దారి పొడవునా మండపాల్లో ఒక గంట విని ఇంకో గంట కొట్టుకుంటూ వస్తే, ఆ చప్పుడు ఇక్కడికి చేరాకే రాజు అన్నం ముట్టేవాడట. నాకు రాజు వినపడలేదు. మహలు వెనక కొండ ఉంది. కిటికీ లేదు, బస్సు లేదు, చెయ్యి చాస్తే అందేట్టు ఉంది. బండల మధ్య కాలిబాట కూడా కనిపిస్తోంది.

"అది మాత్రం కొండే" అంది అత్త నా చూపు కనిపెట్టి. నేను చెమట తుడుచుకునే వంకతో చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. లేకపోతే ఏడుపు కనపడుతుంది.

ఆమె కూడా చాలాసేపు ఆ కొండనే చూసింది. "పైన ఏముండాదిరా?" అంది కొడుకుతో.

"కోటగోడ, మండపాలు మా. పైనుంచి సూస్తే ఈ పక్కంతా కనపడతాది, మీ పుట్టింటి పాకాల దావ కూడా."

అత్త కొంగు నడుముకు చుట్టి దోపింది. "నేనూ ఈ దావలోనే పెండ్లికూతురుగా వచ్చినా మే" అంది నాతో. "బండిలోనుంచి సూసి, ఎక్కుదామా అంటి మీ మామను. ఆర్నెల్లు ఆగమనె. ఆగినా. మళ్ళా ఎవురూ పిలవలా." ఆ మాట ఏ బాధా లేనట్టు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పి, బాయి వైపు తిరిగింది. "పదప్పా, ఎక్కొద్దాం."

"మరి మేము?" అన్నాడు మా ఆయన.

"మీరు కొత్త పెండ్లోళ్ళు. నేను కాదు గదా! రాజు గంట కోసరం కూసోనుండే వాడంటివే, మీరూ అట్ల కూసోండి. నేను దిగొచ్చే వరకు కేరేజి తెరవగూడదు."

అలా కొండెక్కాలని వచ్చిన వాళ్ళం కింద చెప్పులకు, కేరేజీకి కాపలా కూర్చున్నాం. కాపలా కాయడానికి వచ్చిన ఆమె కొండెక్కింది. కేరేజీలోంచి పులిహోర వాసన వస్తోంది. ఊదారంగు చీర ఒక బండ వెనక మాయమై ఇంకో బండ మీద తేలుతోంది. మా ఆయన ఆ రోజు మొదటిసారి ఏ చరిత్రా చెప్పకుండా ఊరికే నా పక్కన కూర్చున్నాడు. "మా అమ్మ నన్నెప్పుడూ అడగలేదు" అన్నాడు. చివరికి పైన గోడ పక్కన ఊదారంగు చుక్క ఒకటి నిలబడి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. అప్పుడు నాకు కలిగింది అసూయో సంతోషమో ఇప్పటికీ చెప్పలేను.

దిగొచ్చేసరికి ఆమె ముడి ఊడిపోయి ఉంది, జుట్టులో ఎండుటాకు ఉంది, మొహం నేనెప్పుడూ చూడని మొహం.

"పైన ఏముండాదత్తా?"

"సెప్పను. సెప్తే నువ్వు ఎక్కవు. ఆర్నెల్లయినాక నువ్వే పొయ్యి సూసుకో." అని కేరేజీ తెరిచింది. బాయిని పట్టుకుని అడిగితే, "ఒట్టు పెట్టించుకున్నారు భాభీ. చానాసేపు కూర్చున్నారు, అంతే చెప్తా" అన్నాడు.

ఆర్నెల్లయ్యాయి. అప్పటికి నా కడుపులో మా పెద్దాడు. కడుపుతో కొండ కూడదంది అత్త. వాడు పుట్టాక ముందు వాడి పుట్టువెంట్రుకలు తిరుమలలో ఇచ్చి, తర్వాతే ఇంకో కొండ అంది. ఇచ్చేలోపు మా ఆయనకు మదనపల్లెకు బదిలీ అయింది. తిరిగి వచ్చేసరికి పిల్లల బడులు, పరీక్షలు. అప్పుడప్పుడూ అత్తే గుర్తు చేసేది. "ఇంగా ఎక్కలేదా మే?" ఏదో గొప్ప రుచి తాను తిని నన్ను ఊరిస్తున్నట్టు నవ్వేది. ఆమె చనిపోయాక ఏడాదిపాటు కొండెక్కకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే మనిషే లేదు కదా. నేనే పాటించాను. ఏడాది దాటాక నన్ను ఆపేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, నాకూ ఎక్కాలనిపించలేదు. వద్దని అనేవాళ్ళు ఉన్నప్పుడు ఆ కొండ మీద ఎంత ఆశ ఉండేదో!

మొన్నో ఆదివారం, మిద్దె మీద నేను నవ్వుకోవడం మా ఆయన చూసినట్టున్నాడు. బాయి కొడుకు షాపులోంచి రెండు గేరు సైకిళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టాడు. మోకాలికి పట్టీ వేసుకుని ఆయన, ఆయన్ను తిట్టుకుంటూ నేను, బయల్దేరాం. రోడ్డు వెడల్పయింది, చింతచెట్లు పోయాయి, మంగాపురం గుడి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. మిట్ట మాత్రం అక్కడే ఉంది. ఎన్ని గేర్లు మార్చినా ఊపిరి మాత్రం ఒకే గేరులో ఉంది. సగం దూరంలో సైకిలు ఊగింది. కాలు కింద పెట్టాను.

పెట్టగానే గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. బస్సులు, లారీలు, ఎవరివో ఆటోలు. ఏ ఆటోలోనూ తల బయటికి పెట్టి నా చెప్పులను చూసేవాళ్ళు లేరు.

"సైను ఊడిందత్తా" అన్నాను, రోడ్డుకు వినపడేంత గట్టిగానే.

ముందు పోతున్న మా ఆయన ఆగాడు. సైకిలు తిప్పుకుని వెనక్కి వచ్చాడు. పట్టీ వేసిన మోకాలు కష్టంగా మడిచి, నా సైకిలు పక్కన కూర్చుని, ఊడని చైనును తగిలించసాగాడు.