కర్రోడు, బుల్లోడు, నా వాటర్ స్కీయింగు

తన సంతాపసభకి తానే హాజరై, మొదటి ఉపన్యాసం సగం దాకా విన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు ఈ రాత రాస్తున్నవాణ్ణి చూసుకోండి. ఆ రోజు జరిగిన ఘోరానికి కాలవ తప్పేమీ లేదు, దున్నపోతుల తప్పు అసలే లేదు. తప్పంతా ఇరవై మూడేళ్ల నాదే. ఇప్పటికీ కాలవ గట్టు మీదుగా బస్సు పోతుంటే నేను రెండో వైపు కిటికీలోంచి చూస్తాను.

డెబ్బైల చివర్లో సంగతి. కొత్తపేటకి దగ్గర్లో, కాలవ గట్టున ఉన్న ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిగా చేరాను. టెంపరరీ. ఏడాదిలోగా పని నచ్చితే పర్మినెంటు చేస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపిస్తారు. ఆ నచ్చడమూ నచ్చకపోవడమూ స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారి చేతిలో ఉండేది. మా తాతయ్య మిషను బళ్లో పంతులు, నాన్న బోర్డు బళ్లో పంతులు, ఇద్దరు మేనత్తలు పంతులమ్మలు. నేను గనక వెనక్కొస్తే మా వంశంలో బడి గెంటేసిన మొదటి మాస్టార్ని అవుతాను. ఆ బెంగ నాకు అన్నం తింటున్నా ఉండేది, ఆదివారం ప్రార్థనలో ఉన్నా ఉండేది.

ఇక అసలు పాపం చెబుతాను. ఉద్యోగానికి పెట్టిన అప్లికేషన్లో 'వచ్చిన ఆటలు' అని ఒక గడి ఉంది. కబడ్డీ, వాలీబాలు రాశాక ఇంకా బోలెడు ఖాళీ మిగిలింది. ఖాళీ చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఈత, డైవింగు, పడవ పందెం, వాటర్ పోలో, వాటర్ స్కీయింగు అని నింపేశాను. నిజానికి నాకు నీళ్లతో ఉన్న పరిచయమల్లా చెంబుతో స్నానం చెయ్యడమే. ఊరి చుట్టూ గోదారి పాయలు, ఊరి మధ్యన కాలవ, పెరట్లో నుయ్యి ఉన్న కోనసీమలో పుట్టి ఈత రానివాడు ఉంటాడా అంటారేమో, ఉన్నాడండీ. ఆరో ఏట రేవులో ఓసారి బుడుంగున మునిగి తేలాను. అప్పట్నుంచి మా నాయనమ్మ నన్ను నీళ్ల దగ్గరికి పోనిస్తే ఒట్టు.

మరి ఆ ఆటల పేర్లెలా తెలుసంటే, కాకినాడలో ట్రైనింగు అవుతున్నప్పుడు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు బొమ్మల పత్రిక దొరికింది. నిండా నీటి ఆటలే. డైవింగంటే తెలిసి తెలిసి పడిపోవడం. వాటర్ పోలో అంటే మునిగిపోతున్నవాణ్ణి ఇంకొకడు బంతి ఇమ్మనడం. సముద్రం మీద ఒకడు పలక వేసుకుని అల వీపెక్కి కూర్చున్నాడు. అల వస్తే పారిపోవాలని వాడికి ఎవరూ చెప్పలేదు కాబోలు. అన్నిటికన్నా నా మనసు దోచింది వాటర్ స్కీయింగు. ముందు మోటారు పడవ, దానికో తాడు, తాడు చివర పట్టుకుని నీళ్ల మీద నిటారుగా నిలబడ్డ మనిషి. కష్టమంతా ఇంజనుది, పేరంతా మనిషిది. డ్రిల్లు మాస్టార్లకి ఇంతకన్నా తగిన ఆట భూమ్మీద లేదనిపించింది.

జనవరిలో ఒకరోజు హెడ్మాస్టారు పిలిచారు.

"రత్నంగారూ, వచ్చే నెల మన ఆటల పండగకి కాకినాడ నించి విద్యాశాఖ ఆఫీసరుగారొస్తున్నారండి. ఏటా ఆ పరుగు పందేలేనా అని ప్రెసిడెంటుగారు చిరాకు పడ్డేరు. మీ అప్లికేషను చూపించేనండి. ఎంత సంబరపడ్డేరో!"

నా గుండె జారి కాన్వాసు బూట్లలో పడింది. "ఏది చూపించేరండీ?"

"ఐదు రకాల నీటి ఆటలు రాసేరు కదండీ. ఈసారి ఆటలన్నీ కాలవలోనే అన్నారు. పిల్లలకి ఈత పందెం, తాటిదోనెల పందెం, అరటిబోదెల తెప్పల పందెం, బాతుల్ని పట్టుకోడం. ఆఖర్న మీ చేత ఆ నీళ్ల మీద నిలబడేది. మీ పర్మినెంటు కాగితం కూడా ఆ రోజే, ఆఫీసరుగారి ముందే సంతకం పెడతానన్నేరండి."

"మోటారు పడవ లేదు కదండీ" అన్నాను, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"ప్రెసిడెంటుగారి దున్నపోతులున్నేయి కదండీ!"

చదువరులారా, ఈ మాటకి మీరు నవ్వుతారు. నేను నవ్వలేదు. పైగా మహత్తరమైన ఆలోచన అనుకున్నాను. ఎందుకంటే మా కాలవల్లో పడవని గట్టు మీంచి తాడేసి లాగడం మేం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. పైగా దమ్ము చేసిన చేలో నేల చదును చెయ్యడానికి కాడికో చెక్కబల్ల కడతారు. ఆ బల్ల మీద రైతు నిలబడతాడు, దున్నపోతులు లాగుతాయి, రైతు బురదనీళ్ల మీద రాజాలా జారుకుంటూ పోతాడు. ఇది స్కీయింగు కాకపోతే మరేమిటి? దొరలు మన చేలల్లోంచే ఎత్తుకుపోయారని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఆదివారం ఇంటికెళ్లి చెబితే నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఏసుప్రభువు పిలిస్తే నీళ్ల మీద నడవబోయి పేతురంతటివాడే మునిగేడురా! నువ్వెంత, నీ నిక్కరెంత?"

"పేతురుకి దున్నపోతులు లేవు నాయనమ్మా" అన్నాను.

అవి రెండో పంట దాళ్వాకి చేలు దమ్ము చేసే రోజులు. ప్రెసిడెంటుగారి పాలేరు సూరన్న నాకు గురువయ్యాడు. దున్నపోతుల పేర్లు కర్రోడు, బుల్లోడు. వారం రోజులు చేలో బల్ల మీద నిలబడ్డాను. మొదటి రెండు రోజులు మొహం నిండా బురదే. మూడో రోజుకి నిలబడ్డాను. ఐదో రోజుకి ఒంటి చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో సెల్యూట్ కొట్టాను. ఏడో రోజుకి నాకు పొగరెక్కింది.

"ఓపాలి కాలవలో కూడా సూసుకుంటే బాగుంటదేమోనండి" అన్నాడు సూరన్న.

"నీళ్లు నీళ్లే కదా సూరన్నా. చేలో అయితేనేం, కాలవలో అయితేనేం" అన్నాను. చీలమండ లోతుకీ మనిషిన్నర లోతుకీ ఉన్న తేడాని ఇంత తేలిగ్గా కొట్టిపారేసినవాడు అంతకు ముందు లేడు, ఇకపైన పుట్టడు. అసలు కారణం మీకు తెలుసు. ఈత రాదని సూరన్నకి తెలిస్తే ప్రెసిడెంటుగారికి తెలుస్తుంది.

ఆ రోజు రానే వచ్చింది. గట్టు పొడుగునా జనం. ముగింపు ఆఫీసరుగారికి బాగా కనబడాలని షామియానా గేదెల రేవు పక్కన వేయించాను. అక్కడైతే నేల చదునుగా, విశాలంగా ఉంటుంది. ఆ నేల ఎవరు తొక్కి తొక్కి చదునయిందో ఆలోచించే తెలివి నాకు లేదు. కార్యక్రమం ఎనిమిదింటికి. ఆఫీసరుగారు వచ్చింది పదిన్నరకి. దార్లో రేవు దగ్గర గోదారి దాటించే పంటు దొరకలేదట.

పిల్లల పందేలు మాత్రం అద్భుతంగా జరిగాయండీ. తాటిదోనెల్లో చేతులే తెడ్లుగా చేసుకుని దూసుకుపోయారు. తెప్పలు విడిపోయినా బోదె మీద గుర్రంలా కూర్చుని వెళ్లిపోయారు. మునిగినవాడు నవ్వుతూ లేస్తున్నాడు, గెలిచినవాడు మళ్లీ దూకుతున్నాడు. అది చూస్తుంటే నాకు నిజంగా అసూయ కలిగింది. నీళ్లలో అంత సంతోషం ఉందని నాకెవరూ చెప్పలేదు.

పన్నెండు కావస్తుండగా నా వంతు వచ్చింది. బల్ల తేలడానికి కింద మూడు అరటిబోదెలు కట్టించాను. తెల్ల బనీను, తెల్ల నిక్కరు, మెడలో విజిలు. సూరన్న కాడి దగ్గర నిలబడి బుర్ర గోక్కుంటున్నాడు.

"మాస్టారండీ, మీకు సెప్పేటంతోణ్ణి కానండి. రేపు పొద్దున్నే సేసుకుందారండి. ఈటికిది నీళ్లలో దిగే ఏళండి."

"వాటికి వేళేమిటయ్యా? వాచీలున్నాయా?"

"వాచీల్లేవండి. ఆకలేత్తే సాయంత్రం దాకైనా ఆగుతాయండి. మజ్జాన్నం నీళ్లకి మట్టుకు ఆగవండి."

"దున్నపోతు మీద వాన పడ్డా చలించదంటారు. నాలుగు నిమిషాలు ఎండకి చలిస్తుందా? తోలు!" అన్నాను.

"ఆయ్" అన్నాడు సూరన్న. ఆ 'ఆయ్'లో నా భవిష్యత్తంతా ఉంది.

విజిలూదాను. గట్టు మీద దున్నపోతులు నడిచాయి, నా చేతిలో తాడు బిగిసింది. బల్ల కదిలింది. నమ్మండి, నమ్మకపోండి, నేను నిలబడ్డాను! నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి గానీ నిలబడ్డాను. ఒక ఇరవై గజాలు పత్రికలో బొమ్మలాగే వెళ్లాను. పిల్లలు ఈలలు వేశారు. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచారు. ప్రెసిడెంటుగారు జేబులోంచి పెన్ను తియ్యడం కూడా నాకు కనబడింది. నేను ఒక చెయ్యి వదిలి సెల్యూట్ కొట్టాను.

సరిగ్గా అప్పుడు కర్రోడికి గేదెల రేవు కనబడింది.

వాడు ఎడమకి తిరిగాడు. కాడిలో ఉన్నాడు కాబట్టి బుల్లోడూ తిరిగాడు. సూరన్న "హైఁ హైఁ!" అంటూనే ఉన్నాడు. రెండూ పెళ్లిపందిట్లోకి వెళ్తున్న పెద్దమనుషుల్లా నింపాదిగా రేవులోకి దిగి, మెడ దాకా మునిగి, కళ్లు మూసుకున్నాయి. తాడు వదులైపోయింది. నా కింద బల్ల ఆగింది. నేను ఆగలేదు.

నీళ్ల కింద ఏముంటుందో తెలుసా అండీ? ఏమీ ఉండదు. పచ్చగా ఉంటుంది, చెవుల్లో గుయ్యిమంటుంది, అంతే. నాకు ఒళ్లంతా కొయ్యబారిపోయింది. ఐదు ఆటలూ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటీ పనికి రాలేదు. చేతిలో ఉన్నది ఒక్క తాడు. దాన్ని పట్టుకుని జానెడు జానెడు పాక్కుంటూ వెళ్లి, గుర్రపుడెక్క ఆకుల మధ్య, బుల్లోడి మెడ పక్కన ముక్కు పైకి పెట్టాను. రేవులో ఇప్పుడు మూడు తలలున్నాయి. మూడూ నల్లగానే ఉన్నాయి. మూడూ ముక్కులతోనే బతుకుతున్నాయి. గట్టు మీదవాళ్లకి రెండే కనబడ్డాయి.

"మాస్టారేరీ?"

"బల్లొకటే తేలిందిరోయ్!"

ఆడవాళ్లు కెవ్వుమన్నారు. "ఊరుకోండమ్మా, ఆయన స్కీయింగు చేసేవాడు, కింద నించి ఈదుకుంటూ ఎటో తేల్తాడు" అన్నారు ప్రెసిడెంటుగారు. ఒక నిమిషం గడిచింది. నేను తేలలేదు. అరుద్దామంటే నోటి నిండా కాలవ. అప్పుడు మా హెడ్మాస్టారు మైకు అందుకున్నారు. కంగారులో మనిషికి అలవాటైన పనే చేతనవుతుంది. ఆయనకి అలవాటైన పని ఉపన్యాసం.

"మన రత్నం మాస్టారు ఎంతో క్రమశిక్షణ గల మనిషిగా ఉండేవారు. ఐదు రకాల నీటి ఆటల్లో ఆరితేరిన ఆ మహానుభావుడు..."

ఆయన మైకులోనే ముక్కు చీదారు. బుల్లోడి మెడ పక్కన నాక్కూడా ఏడుపొచ్చింది.

సూరన్న మాత్రం ఉపన్యాసం వినలేదు. తాడు ఎటు పోయిందో చూశాడు. రేవులోకి దూకి రెండు దున్నపోతుల తోకలూ మెలిపెట్టాడు. ధ్యానభంగమైన మునుల్లా అవి ఒక్క ఉదుటున లేచి గట్టెక్కాయి. తాడుతో పాటు నేనూ గట్టెక్కాను, నా పద్ధతిలో, బోర్లా. రేవు బురదంతా బనీనుతో తుడుచుకుంటూ షామియానాలోకి ప్రవేశించాను. ఒక గుంజ పడిపోయింది, షామియానా ఒక పక్కకి ఒరిగింది, కర్రోడు ఒళ్లు విదిలించాడు. ఆఫీసరుగారి తెల్ల సూటు చుక్కల చుక్కల కోడిపెట్టలా తయారయింది. నేను సరిగ్గా ఆయన బూట్ల దగ్గర ఆగాను. నెత్తి మీద గుర్రపుడెక్క పువ్వు. లేచి అటెన్షన్లో నిలబడి సెల్యూట్ కొట్టాను. నోట్లోంచి ముందు నీళ్లొచ్చాయి, ఆ తర్వాత "గుడ్ మార్నింగ్ సార్" వచ్చింది.

ఆఫీసరుగారు సూటు దులుపుకుంటూ కారెక్కారు. ఆయన కాకినాడ వెళ్లేదాకా మాట్లాడలేదని తర్వాత డ్రైవరు చెప్పాడు.

మర్నాడు ప్రెసిడెంటుగారు హెడ్మాస్టారి గదికి పిలిపించారు. బల్ల మీద నా అప్లికేషను, పక్కన సంతకం లేని కాగితం. నేను ట్రంకు పెట్టె అప్పటికే సర్దేసుకున్నాను. నాన్నకి ఏమని చెప్పాలో రాత్రంతా వెతికాను, దొరకలేదు.

"మాస్టారూ, మీకు ఈతొచ్చా?"

"రాదండి."

"మిగతా నాలుగూ?"

"రావండి."

"మరి నీళ్లలో పడ్డేక తాడెందుకు వదల్లేదండీ? దున్నపోతులు తొక్కేస్తే చచ్చిపోదురు కదా."

ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు. "చేతిలో అదొక్కటే ఉందండి. వదలడం చేతకాలేదు" అన్నాను.

ఆయన నా అప్లికేషను మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత పెన్ను తీసి కాగితం మీద సంతకం పెట్టారు.

"అబద్ధాలకి ఉద్యోగం తీసేద్దారనే వచ్చేనండి. కానీ పట్టుకున్నది వదలని మనిషి పిల్లల దగ్గర ఉండాలి. ఒక్కటే షరతు. ఈతొచ్చేదాకా జీతం కాగితం మీద ఆరో తరగతి వాళ్ల సంతకం కూడా ఉండాలి."

ఆనందంతో కాళ్ల మీద పడబోయాను. షరతు సగం దారిలో అర్థమైంది, అక్కడే ఆగిపోయాను.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆరింటికి కాలవ గట్టున ఆరో తరగతి మొత్తం వరసగా నిలబడేది. మా ప్రాంతంలో నాలుగేళ్ల పిల్లలకి ఈత నేర్పేటప్పుడు కట్టే ఎండుకొబ్బరికాయల జత నా చాతీకి కట్టేవారు. నా విజిలు నాకే ఊదేవారు. నేను కాళ్లు ఆడించేవాణ్ణి. నెలాఖరుకి నా ప్రోగ్రెసు రిపోర్టు వచ్చింది. గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: 'మాస్టారు మంచివారు. ఇంకా మునుగుతున్నారు. ఈ నెలకి జీతం ఇవ్వవచ్చును.'

ఆ కాగితం చేతిలో పట్టుకుని, ఒంటి మీద నీళ్లోడుతుండగా, తూర్పుకి తిరిగి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. చదువరులు లేచి నిలబడి వినవలసిందిగా మనవి. 'గోదావరి సాక్షిగా, కొబ్బరికాయల సాక్షిగా, నీళ్లంటే నాకన్నా ఎక్కువ ప్రేమ ఉన్న ఏ జీవి వెనకాలా ఈ జన్మలో తాడు పట్టుకుని నిలబడను.'