మావయ్య పన్నెండేళ్ళ చుట్ట

మా మావయ్యకు చుట్ట వెలిగించడానికి గంట పడుతుంది. అగ్గిపెట్టె దొరక్క కాదు. ముందు దాన్ని తనివితీరా చూడాలి, తర్వాత వాసన పీల్చాలి, ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో మెల్లగా నొక్కి వినాలి. గడియారాలు బాగుచేసే మనిషి కాబట్టి, కంటికి భూతద్దం బిగించి ఆకు ఈనెలు కూడా పరీక్షిస్తాడు. ఈలోగా చూడవచ్చినవాళ్ళు ఆవులించి, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

"వెలిగించండి మహాప్రభో, పుణ్యముంటుంది!" అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసేది.

"తొందరెందుకే? ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో పది నిమిషాలు ఆగలేదా?"

డాక్టరు ఏడాదికి ఒక్కటే అని గీత గీశాడు. మిగతా రోజులన్నీ మావయ్య ఆ ఒక్కదాని కోసమే బతికేవాడు. కొట్లో పనిబల్ల కింద దేవదారు పెట్టె, దాని మూతకు చుట్టలు ఎండిపోకుండా తడి స్పాంజి. ఆదివారం వస్తే చాలు, చుట్టలన్నిటినీ పసిపిల్లల్ని ఒత్తిగిలబెట్టినట్టు పక్కకు తిప్పేవాడు. వాటిలో ఎర్రకాగితం పట్టీ ఉన్నది ఒకటుండేది. నాకు పదేళ్ళప్పుడు చూపించి, "ఇది నీకు ఉద్యోగం వచ్చిన రోజున వెలిగిస్తానురా" అన్నాడు. పన్నెండేళ్ళు మాగబెట్టాడు.

ఇక్కణ్ణుంచి రాయాలంటే సిగ్గేస్తోంది. ఇంటర్వ్యూకు వెళ్ళబోయే ముందు, అక్కడి మేనేజరుకు చుట్టలంటే ప్రాణమని ఎవరో చెప్పారు. నేను ఆ పన్నెండేళ్ళ చుట్టను ఎత్తుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. పట్టీ మాత్రం జాగ్రత్తగా ఊడదీసి, వీధి చివరి బడ్డీలో కొన్న చుట్టకు తొడిగి పెట్టెలో పడుకోబెట్టాను. ఉద్యోగం వచ్చింది. నా చదువుకొచ్చిందో, చుట్టకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆ వెంటనే వచ్చిన ఆదివారం ఉదయం మావయ్య ఇరుగుపొరుగుతో పాటు మేనేజరునూ పిలిచి కూర్చోబెట్టాడు. పెట్టె తెరిచాడు. చుట్ట తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. నా గుండె కూడా ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది అత్తయ్య.

"ఏమీ లేదే. బాగా మాగింది."

ఆ గంటా పూర్తయ్యాక వెలిగించాడు. గోనెసంచి కాలినట్టు గుప్పుమంది. మావయ్య కళ్ళు మూసుకుని, "ఆహా! మొదట పాత పుస్తకం అట్ట... తర్వాత వానకు తడిసిన కొయ్య... చివర్న తేనె" అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే ఆనందబాష్పాలన్నాడు. ఈయన రుచి చూడటమంతా ఉత్త బడాయేనన్నమాట అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

అంతలో మేనేజరు, "మీ మేనల్లుడు నాకూ ఒకటి తెచ్చిచ్చాడండీ" అన్నాడు.

అత్తయ్య నా వైపు తిరిగింది.

"నేనే పంపానండీ," అన్నాడు మావయ్య తడుముకోకుండా. "ఎలా ఉంది?"

"ఏమో, ఫోన్లో ఉన్నాను. రెండు దమ్ములు పీల్చి టీకప్పులో ఆర్పేశాను."

మావయ్య మొహం అప్పుడు వాడిపోయింది. అయినా ఆ గోనెసంచిని చివరిదాకా కాల్చాడు. అంతా వెళ్ళిపోయాక, అంతసేపూ పట్టుకున్న పిడికిలి విప్పాడు. లోపల నలిగిన ఎర్ర పట్టీ ఉంది. తొందరలో నేను దాన్ని నోట్లో పెట్టుకునే కొసకు కాక వెలిగించే కొసకు తొడిగానట! ఎవరి కంటా పడకుండా ముందే లాగేసి దాచుకున్నాడు.

"తప్పయిపోయింది మావయ్యా. ఈ ఏడాదికి నీకున్నదీ అదొక్కటే..."

"దొంగిలించావు, సరే. ఫోన్లో మాట్లాడేవాడికిచ్చావేంట్రా!"

ఆయన కొత్త చుట్ట ఒకటి తీసి, ఆ పట్టీనే సాపుచేసి సరైన కొసకు తొడిగి, పెట్టెలో పెట్టి, పెట్టె నా చేతికిచ్చాడు.

"ఆదివారం ఆదివారం తిప్పుతుండు."

"ఎవరికోసం?"

"నీ మేనల్లుడికి ఉద్యోగం వచ్చినప్పుడు వెలిగిద్దువుగాని."

"చెల్లెలింకా బడికెళ్తోంది మావయ్యా! నాకు మేనల్లుడెక్కడున్నాడు?"

"తొందరెందుకురా? మాగనీ," అన్నాడు మావయ్య దగ్గుతూ.