గొంతు నొప్పి తగ్గిపోయాక

మా బిడ్డ రెండో తరగతిలో ఉండగా చలికాలంలో గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. గుటక మింగడానికి ఏడ్చేది. మెడికల్ షాపులో ఇచ్చిన మందుతో తగ్గింది. మళ్ళీ బడికి పోసాగింది. మేమంతా ఆ సంగతి మరిచిపోయాం.

కొన్నాళ్ళకు ఒక పొద్దున పిల్ల ముఖం నిండుగా కనిపించింది. మా అత్తమ్మ దాని బుగ్గలు పట్టుకొని మురిసిపోయింది.

"జరమొచ్చి ఎండిపోయిన పిల్ల, ఇప్పుడు జర ఒళ్ళు చేసింది సూడు!"

నాకూ అట్లాగే అనిపించింది. మరునాటికి రెప్పలు ఉబ్బి కళ్ళు తెరుచుకోలేదు. స్నానానికి తీసుకుపోతే, "అమ్మా, ఉచ్చ చాయ్ లెక్క వస్తాంది" అన్నది. చూశాను. చిక్కటి డికాషన్ రంగు. ఇంట్లోవాళ్ళను కేకేశాను.

మా ఆయన బండి తీశాడు. అందరం కలిసి మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానకు చేరాం. డాక్టరమ్మ పిల్ల కాలు వేలితో నొక్కింది. గుంట పడి అట్లాగే ఉండిపోయింది. చిన్న పట్టీ చేతికి చుట్టి బీపీ చూసి, చాలా ఎక్కువుందన్నది. పిల్లలకు బీపీ ఏమిటి అనుకుంటుండగానే ఆమె అడిగింది.

"ఈ మధ్య గొంతు నొప్పి గిట్ల వచ్చిందా?"

"వచ్చింది మేడం. తగ్గింది గద!"

"గొంతు తగ్గింది. ఆ ఇన్ఫెక్షన్ తోని కొట్లాడిన ఒళ్ళే కిడ్నీలను దెబ్బ తీసింది. కొందరు పిల్లలకు గిట్లయితది."

గొంతెక్కడ, కిడ్నీలెక్కడ? డయాలిసిస్‌కు పోయివచ్చే పెద్దవాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

"మా పిల్లకు గూడ మిషన్ పెడ్తరా?"

"ముందు బీపీ దిగనీయమ్మా."

ఆ మధ్యాహ్నమే వార్డులో, "తల నొస్తాంది" అంటూనే పిల్ల కళ్ళు తేలేసింది. ఒళ్ళంతా కొట్టుకుంది. నర్సమ్మలు నన్ను పక్కకు జరిపి మంచం చుట్టూ మూగారు. అత్తమ్మ నేల మీద కూలబడింది.

"ఒళ్ళు చేసిందన్న గదనే బిడ్డా!"

బీపీ ఎక్కువై వచ్చిన ఫిట్స్ సూదిమందులతో ఆగాయి. సాయంత్రానికి బీపీ దిగింది. పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. నీళ్ళు కొలిచే ఇవ్వాలన్నారు, ఉప్పు ముట్టనివ్వద్దన్నారు. చప్పటి పప్పన్నం చూసి అది కంచం నెట్టేసేది. మెల్లగా వాపు తీసింది, ఉచ్చ రంగు మామూలైంది. మిషన్ దాకా పోలేదు. తర్వాత పరీక్షల్లోనూ కిడ్నీలు బాగున్నాయన్నారు.

ఇంటికి తెచ్చాక పక్కింటామె వాకిట్లో ఆగి అడిగింది.

"గొంతు నొస్తేనే గింతయిందా?"

అవునన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నాకే ఇంకా నమ్మబుద్ధి కాలేదు.