ఏడుపు చెట్టు మాదేనండి

నా చిన్నప్పుడు, రేపల్లె బజారులో ఒక చెట్టును ఒక్క నోటిమాటతో గెలిచాను. పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి తిట్టుకుని తేల్చలేనిది, రెండు జడల పిల్లను, నేను తేల్చేశాను. అంత తెలివితక్కువ బేరం మా ఇంట్లో ఇంకెవరూ చేయలేదు.

అది కానుగ చెట్టు. మా తాతయ్య బకెట్ల కొట్టుకీ, అరటిపళ్ళమ్మే పెద్దమ్మ కొట్టుకీ సరిగ్గా మధ్యన ఉండేది. ఊళ్ళో మిగతా కానుగలు గొడుగుల్లా ఉంటే, ఇది కొమ్మలన్నీ నేలకు వేలాడేసి, జుట్టు విరబోసుకుని ఏడుస్తున్న మనిషిలా ఉండేది. ఏడుపు చెట్టు అంటే చాలు, ఆటోవాళ్ళు మా గుమ్మంలో దించేవారు. బోర్డు లేని మా కొట్టుకు ఆ చెట్టే పేరు.

కాపురానికొస్తూ పుట్టినూరు నగరం నుంచి మొక్క తెచ్చి నాటాననీ, పుట్టింటి మీద తన బెంగ చూసి చెట్టూ ఏడ్చిందనీ పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పందిరికి పాతిన గుంజ చిగురించింది, ఆ పందిరి నాది అనేవాడు తాతయ్య. పెద్దమ్మ అని వరస కలిపి పిలవడమే గానీ, రెండు కొట్ల మధ్య మంచినీళ్ళు కూడా మారేవి కావు. రాలిన ఆకుల్ని వాళ్ళు మా వైపు ఊడిస్తే, మేం వాళ్ళ వైపు ఊడ్చేవాళ్ళం.

అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజులవి. ఒక ఉదయం మున్సిపాలిటీ సార్ వచ్చి, ఈ చెట్టు ఎవరిదండీ అని అడిగాడు. తాతయ్య నోరు తెరిచేలోపు నేను ముందుకు దూకాను.

"మాదేనండి. కావాలంటే చూడండి, కొమ్మకొమ్మకీ మా బకెట్ల తాళ్ళ గాట్లు. లేతగా ఉన్నప్పటినుంచీ సరుకు వేలాడేసి మేమే వంచాం. బెంగా లేదు, ఏడుపూ లేదు."

పెద్దమ్మ గెల కోస్తున్న కత్తి ఆపి, ఎన్నడూ లేనంత మెత్తగా అంది. "అవునండి సార్, వాళ్ళదేనండి. పిల్ల అబద్ధం చెప్పదు."

గెలిచాననుకున్నాను. సార్ తాతయ్య వైపు తిరిగాడు. "కొమ్మలు ఆటోలకు అడ్డం వస్తున్నాయి. వంచింది మీరేగా, రేపటికల్లా కొట్టించేయండి."

"పిల్లని లాయరు చదివించండి బాబాయిగారూ," అంది పెద్దమ్మ. సార్ అంతకుముందే ఆవిడ దగ్గర పండు తింటూ వచ్చిన పని చెప్పేశాడని తర్వాత తెలిసింది.

తాతయ్య తిట్టలేదు. మర్నాడు నరికిన కొమ్మలకున్న తాళ్ళు విప్పమన్నాడు, అంతే. అప్పుడు చూశాను. మా వైపు కొమ్మలకు బకెట్ల గాట్లు. వాళ్ళ వైపు కొమ్మలకు గెలలు కట్టిన గాట్లు, అంతే లోతుగా. చెట్టును ఏడిపించింది రెండు కొట్లూనూ.

ఇప్పుడు తెనాలిలో నాదీ ఒక కొట్టు. ఇది ఎవరిదండీ అని ఎవరడిగినా, ఏంటి సంగతి అని ముందు అడిగాకే జవాబు చెబుతాను.

ఇక ఆనాటి లెక్క. వచ్చింది ఒక మొండి మాను. పోయింది కొట్టు పేరు, మధ్యాహ్నపు నీడ. నీడ పెద్దమ్మకూ పోయింది; ఎండకు ఆవిడ పళ్ళు పొద్దుగూకేలోపే నల్లబడేవి. చాలా ఏళ్ళు ఆవిడ నష్టాన్ని మా లాభంలో కలుపుకున్నాను. ఇప్పుడు తీసేశాను.